మా ఇంటి మబ్బు పంపకాలు

సోమవారం. గాలి లేదు.

విడిపోతున్న ఇంట్లో పిల్లలుంటే ఆ పిల్లలు వారానికోసారి కోర్టుకు ఒక లాగ్ పంపాలి. ఇంగ్లీషులో, స్క్రీన్ మీద. నేను క్రమం తప్పకుండా పంపుతున్నాను. తింటున్నాను, నిద్రపోతున్నాను, స్కూల్ బాగుంది, ఇంట్లో అందరూ బాగున్నారు. అది చదివే మేడమ్ ప్రతిసారీ ఒక నవ్వు బొమ్మ తిరిగి పంపుతుంది.

ఇది ఆ లాగ్ కాదు. ఇది తెలుగులో, చేత్తో రాస్తున్నాను. స్కూల్లో మాకు తెలుగు రాయడం నేర్పరు. అక్షరాలు అవ్వ నేర్పింది, చాటలో బియ్యం పరిచి వేలితో దిద్దించి. అందుకే నా రాత, మేం రాసేవన్నీ చదివే ఇంటి సిస్టమ్‌కు అర్థం కాదు. నాకు కావాల్సింది కూడా అదే.

ఈ రోజు తెల్లవారగానే మళ్ళీ డాబా ఎక్కాను. ఆ వేళకు మా మబ్బు బాగా కిందికి దిగి, పిట్టగోడ మీద గడ్డం ఆనించుకుని పడుకుని ఉంటుంది. దాన్ని డాబాకు కట్టిన తాడు వదులుగా వేలాడుతుంటుంది. పక్కన కూర్చుని, అంచు నుంచి ఒక పిడికెడు మెల్లగా లాగాను. పీచుమిఠాయి ఊడినట్టు ఊడింది. చల్లగా ఉంది, గంజి వాసన వేసింది. టిఫిన్ బాక్సులో పెట్టి మూత నొక్కి, డాబా మూలనున్న నల్ల ట్యాంకులో వదిలాను. పైపుల్లో నీళ్ళొచ్చే కాలంలో ఆ ట్యాంకు వాడేవాళ్ళట. ఇప్పుడు ఏ ఇంటికైనా నీళ్ళు ఆ ఇంటి మబ్బే ఇస్తుంది కాబట్టి, అందులోకి ఎవరూ తొంగి చూడరు.

మబ్బుకు నొప్పి తెలిసినట్టు లేదు. కొంచెం కదిలి మళ్ళీ పడుకుంది.

ఎందుకు తీస్తున్నానో కూడా రాయాలి, లేకపోతే ఉత్త దొంగతనంలా ఉంటుంది. మొగుడూ పెళ్ళాం విడిపోతే ఇల్లూ సామానూ పంచడం కోర్టుకు చిటికెలో పని. కష్టమంతా మబ్బుతోనే. మిట్టమధ్యాహ్నం దాని నీడ డాబా అంతా కప్పి, నాలుగు పక్కలా పిట్టగోడను తాకితేనే మబ్బును కోస్తారు. తాకకపోతే కోయరు. చిన్న మబ్బును కోస్తే రెండు ముక్కలూ ఎండాకాలం దాటవు. కోయనంత కాలం దాని కింద ఇద్దరూ కలిసి ఉండాల్సిందే.

కోర్టు అమీను మొదటిసారి కొలిచినప్పుడు మా నీడ పిట్టగోడ దాటి పక్కింటి లక్ష్మక్క వాళ్ళ మెట్ల మీద పడింది. కోతకు రోజు పెడతామన్నారు. ఆ మర్నాటి నుంచే నేను తీయడం మొదలుపెట్టాను.

బుధవారం. దక్షిణం గాలి.

మబ్బుకు తిండి ఎసరు ఆవిరి. పొయ్యి మీద గొట్టం ఉంటుంది, దాని రెండో చివర డాబా మీద మబ్బు కడుపులో ఉంటుంది. ఎసరు తెర్లగానే గిన్నె మూతను మొగుడూ పెళ్ళాం చెరోపక్క పట్టుకుని ఎత్తాలి. పెళ్ళినాడు అన్నిటికంటే ముందు నేర్పేది ఆ మూత ఎత్తడమే. అమ్మా నాన్నా ఎత్తితే చప్పుడే అయ్యేది కాదు. ఇప్పుడు కోర్టు వంతులు వేసింది. ఒక రోజు అమ్మ, ఒక రోజు నాన్న, ఒంటిచేత్తో.

ఈ రోజు నాన్న వంతు. వేళ్ళు కాల్చుకున్నాడు. కాల్చుకున్నట్టు కనపడకుండా చేయి వెనక్కి పెట్టుకున్నాడు.

"సంజా, ఉప్పు యాడుందో మీ యమ్మను అడుగు," అన్నాడు.

అమ్మ ఆ పక్కనే నిలబడి ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"సంజా, ఉప్పు మీ నాయన మోచేతి కిందనే ఉందని చెప్పు," అంది.

"ఉప్పు నీ మోచేతి కింద ఉంది నాన్నా."

"కనపడిందని చెప్పు."

"కనపడిందంట అమ్మా."

గడప మీద కూర్చున్న అవ్వ ఆవలించింది. "ఏమప్పా ఓబులేశూ, ఆ పిల్ల ఏమన్నా మీ ఇద్దరి నడిమి కరెంటు తీగనా? ఒకనాడు షాకు కొడతాది, సూసుకో."

అవ్వ నాన్నను కన్న తల్లి. అయినా నాన్న పక్షం కాదు, అమ్మ పక్షమూ కాదు. ఆమె తగాదా వేరే.

"ఈ మబ్బుకు నేను పోసిన ఆవిరి తక్కువనా? దినామూ ఈ గడప మీద కూసోని నోరు మూయకుండా మాట్లాడినా. నాదేదప్పా వాటా?"

"మాటలకు మబ్బు పెరగదులేమ్మా," అన్నాడు నాన్న.

"పెరగదా! మాట ఆవిరి కాదా? సలికాలం నోరు తెరిచి సూడు, కండ్లకు కనపడతాది."

నాకు నవ్వొచ్చింది. నాన్నకూ వచ్చింది. కానీ అమ్మ కూడా నవ్వుతోందేమోనని ఓరగా చూసి, ఆపుకున్నాడు. అమ్మ కూడా అప్పుడే ఆపుకుంది. ఒకళ్ళు ఆపుకున్నది ఒకళ్ళకు తెలియలేదు. నాకు రెండూ తెలిశాయి.

మబ్బు పెరిగేది నీటి ఆవిరితోనే అని మా ఫిజిక్స్ సార్ చెప్పాడు. పరీక్షలో నేను అదే రాస్తాను.

శుక్రవారం. చిన్న వాన.

సాయంత్రం వాన పడింది. నాకు భయం వేసింది.

ఏ ఇంటి వాన ఆ ఇంటి గొంతుతో పడుతుంది. పొయ్యి గొట్టంలోంచి ఆవిరితో పాటు ఇంట్లో చప్పుళ్ళు కూడా పైకి పోతాయి కదా, అవే వానలో తిరిగొస్తాయి. లక్ష్మక్క వాళ్ళ వాన దగ్గుతుంది, ఆమె మామగారిలాగా. కిందివీధి హెడ్మాస్టరు గారి వాన ఎప్పుడూ ఎక్కాలు చదువుతుంది. మా వాన అమ్మ కూనిరాగంతో మొదలై, జోరు పెరిగేకొద్దీ నాన్న గురకలోకి దిగేది. చిన్నప్పుడు ఆ వాన వింటూ నేను అన్నం తినేదాన్నట. వాన లేకపోతే తినేదాన్ని కాదట.

ఈ రోజు మా వాన మూగగా పడింది. చినుకు రేకు మీద పడుతోంది, చప్పుడు లేదు. దూది పడుతున్నట్టు. పక్క డాబా మీద లక్ష్మక్క గిన్నెలు తీసుకుంటూ ఆగి, మా వైపు చూసి, ఏదో అడగబోయి, లోపలికి వెళ్ళిపోయింది.

వాన వెలిశాక డాబా ఎక్కాను. ట్యాంకు మూత కొంచెం జరిపి, తల లోపల పెట్టాను. లోపల తెల్లగా, గుండ్రంగా, పిల్లి ముడుచుకున్నట్టు పడుకుని ఉంది నేను దాచిన మబ్బు.

"నాకు భయమైతాంది," అన్నాను దానితో, గుసగుసగా.

ట్యాంకు ఆ మాటను ఒకసారి చుట్టూ తిప్పి, మెల్లగా దాచుకుంది. ఈ మాట నేను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అన్నాక కొంచెం బాగుంది. ఇంకొన్ని చెప్పాను.

మంగళవారం. ఎండ.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటే పగలు కూడా నీళ్ళ అడుగున ఉన్నట్టుంటుంది. స్కూల్ నుంచి రాగానే బ్యాగు కింద పడేసి డాబా ఎక్కుతున్నాను. అమ్మ ఏమీ అడగదు. నేను ట్యాంకుకు అన్నీ చెబుతున్నాను. ఏమేం చెబుతున్నానో ఇక్కడ కూడా రాయను.

గురువారం. మధ్యాహ్నం.

అమీను దస్తగిరి గారు రెండో కొలతకు వచ్చారు. పొడుగ్గా ఉంటారు, చేతిలో ముగ్గు డబ్బా. నడినెత్తికి ఎండ వచ్చేదాకా డాబా మీద గొడుగు వేసుకుని కూర్చుని, అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగారు. తర్వాత గొడుగు మూసి, మబ్బు నీడ అంచు వెంబడే వంగి నడుస్తూ ముగ్గు గీత పోశారు. గీత పూర్తయ్యాక నడుం పట్టుకుని చూసి, "అరెరె" అన్నారు.

మొదటి గీత పిట్టగోడ అవతల ఉండింది. ఇవాళ్టి గీత పిట్టగోడకు చాలా ఇవతల, చాప పరిచినంత దూరంలో ఉండిపోయింది.

"ఏమప్పా ఓబులేశూ, మబ్బుకు కడుపు నింపుతాండారా లేదా?"

"నా వంతు నేను తప్పలేదు సారూ."

"నా వంతూ నేను తప్పలేదు," అంది అమ్మ, గాలితో అన్నట్టు.

నాన్న ఉన్నట్టుండి మబ్బు తాడు చూపించాడు. "తాడు ఎవురి చేతిలో ఉంటాదో అడుగు సారూ. దినామూ దించేది ఎవురు, కట్టేది ఎవురు? ఈమె కాదా? ఈమె అన్న ఇంటి మీద మబ్బు ఊరికే లావెక్కిందా?"

అమ్మ నాన్న వైపు తిరిగింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అమీను నిట్టూర్చి టోపీ సర్దుకున్నారు. "నువ్వు అన్న్యావు, నేను రాసుకోక తప్పదు. రూలు అట్లుంది. వచ్చే శుక్రవారం కడాకొలత. అప్పటికీ నీడ సాలకపోతే, తాడు ఎవురి చేతిలో ఉంటే వాళ్ళు దాచినట్టు లెక్క. మబ్బంతా రెండోవాళ్ళకు పోతాది."

నేను అనుకున్నది ఇది కాదు. నీడ చాలకపోతే కోత ఆగిపోతుంది, అంతే అనుకున్నాను. అమ్మ మబ్బు లేకుండా వీధిలో పడుతుందని ఎవరూ చెప్పలేదు.

చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు మా క్లాసులో అనే మాట గుర్తొచ్చింది. కోర్టు ఆస్తి దాస్తే పిల్లల్నైనా గాజు పైకప్పున్న హాస్టల్‌కు పంపుతారట. అక్కడ ఎండ తప్ప ఏమీ పడదట. అమీను గారు నా ముందే నిలబడి ఉన్నారు. "ఏం పాపా, ఏమన్నా చెప్పల్లనా?" అన్నారు.

"నథింగ్ సార్," అన్నాను.

శనివారం. గాలి అటూ ఇటూ.

తీయడం మానేశాను. తీసినవి తిరిగి ఇచ్చేద్దామని తెల్లవారగానే ట్యాంకులోంచి ఒక పిడికెడు తెచ్చి మా మబ్బుకు అంటించాను. అంటుకోలేదు. కొత్త కుక్కపిల్లను చూసినట్టు మబ్బు దాన్ని వాసన చూసి పక్కకు జరిగింది. ఆ పిడికెడు నా అరచేతిలోంచి జారి, పిట్టగోడ మీద చినుకై కారింది. కారుతూ, "భయమైతాం..." అంది. నా గొంతుతో.

నేను చేత్తో దాన్ని గబగబా తుడిచేశాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

అప్పుడు ట్యాంకు దగ్గరికి వెళ్ళి సరిగ్గా చూశాను. నేను వేసింది పిడికెళ్ళు. అందులో ఉన్నది ట్యాంకు నిండా. మూతను కింది నుంచి తోస్తోంది. ఒక్కరోజు కూడా దానికి ఎసరు ఆవిరి పోయలేదు, దాని దగ్గర మాట్లాడటం తప్ప నేనేమీ చేయలేదు.

కింద ఎసరు వంతులు తప్పకుండా పడుతున్నాయి. అయినా పైనున్న మబ్బు, నేను తీయడం మానేసినా, రోజురోజుకీ తగ్గుతూనే ఉంది.

అవ్వ చెప్పింది నిజమే అయి ఉండాలి. పరీక్షలో ఏం రాయాలో ఇప్పుడు తెలియడం లేదు.

అంటే నీడ తగ్గించింది నేనొక్కదాన్నే కాదు. ఆ సంగతి తెలిస్తే తేలిగ్గా ఉండాలి. లేదు. ఎందుకంటే ఇప్పుడు నీడ పెరగాలంటే ఒకటే దారి ఉంది. ట్యాంకు తెరవాలి, అంతా ఒకేసారి వదలాలి. వదిలితే అది పడుతుంది. పడితే నేను చెప్పినవన్నీ ఊరంతా వింటుంది.

రుబ్బురోలు పొత్రం కష్టపడి మోసుకొచ్చి ట్యాంకు మూత మీద పెట్టాను.

ఆదివారం. గాలి లేదు.

అమ్మ నాకు తల దువ్వింది. చాలా రోజులైంది ఆమె నా తల ముట్టుకుని. దువ్వెన మెల్లగా దిగుతోంది, నాకు నిద్ర వస్తున్నట్టుంది.

"మబ్బు మొత్తం మీ నాయనకు పోతే నువ్వు ఈడనే ఉండు," అంది. "నేను బస్టాండు పక్క కిరాయి నీడకు పోతా. ఆడ నీళ్ళు ట్యాంకరుతో తెస్తారు, నీకు పడవు."

"నువ్వు ఊరికే ఎందుకుండావమ్మా? నేను తీయలేదని గట్టిగా చెప్పచ్చు కదా?"

"పెండ్లినాడు మా యమ్మ తన మబ్బు అంచు తుంచి నా కొంగున కట్టింది. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చినా, దోవపొడుగునా పాట పాడుకుంటా. మీ నాయన పక్కనే కూసోని తన ముక్క జేబులో పెట్టుకున్న్యాడు. దిగేసరికి ఆయప్ప ప్యాంటు తడిసిపోయింది." నవ్వింది. తర్వాత అంది, "అది తెల్సిన మనిషే నన్ను దొంగ అంటే, గట్టిగా ఎవురికి చెప్పేది?"

దువ్వెన ఆగింది.

"నువ్వేమన్నా సూసినావా సంజా, డాబా మీద?"

"లేదు," అన్నాను.

బుధవారం. పొగమంచు.

తెల్లారకముందే వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. ఇవాళ అమ్మ వంతు. కానీ పొయ్యి దగ్గర నాన్న ఉన్నాడు. పెద్ద గిన్నెలో ఎసరు పెట్టి, మూత తీసి, రెండు చేతులతో ఆవిరిని గొట్టంలోకి తోస్తున్నాడు, గొర్రెల్ని దొడ్లోకి తోలినట్టు. మొహమంతా చెమట.

"మీ యమ్మకు చెప్పొద్దు," అన్నాడు.

"నీడ పెరిగితే నీకే కదా నష్టం? లేకపోతే మొత్తం నీకే."

"నాకెందుకే మొత్తం? నోరు జారినా. ఆయప్ప రాసుకున్న్యాడు. ఇప్పుడెట్ల వెనక్కి తీసుకునేది?"

"అమ్మకు చెప్పు."

"ఏమని?"

"ఇదే."

నాన్న ఆవిరిని ఇంకోసారి గొట్టంలోకి తోశాడు. "ఆమెతో మాట్లాడి ఎన్నాళ్ళాయనో. యాడ మొదలుపెట్టల్లో తెల్దు," అన్నాడు. గిన్నె దించి, పొయ్యి తుడిచి, తను వచ్చిన గుర్తు లేకుండా వెళ్ళిపోయాడు.

నేను కూడా నాన్నలాంటిదాన్నే అనిపించింది. ఇంట్లో ఎవరికి వాళ్ళం ఒక ట్యాంకు పెట్టుకున్నాం.

శుక్రవారం.

ఇది సాయంత్రం రాస్తున్నాను. వేళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

మధ్యాహ్నానికి అందరం డాబా మీద ఉన్నాం. అమీను గారు ముగ్గు డబ్బాతో, అవ్వ పీట వేసుకుని, అమ్మ తాడు దగ్గర, నాన్న దానికి వీలైనంత దూరంలో. పక్క డాబా మీద లక్ష్మక్క వడియాల చాట పట్టుకుని నిలబడింది. చాటలో వడియాలు లేవు. మబ్బు మా నెత్తిన, ఉతికి ఉతికి పలచబడిన దుప్పటిలా ఉంది. అవతలి ఆకాశం కనపడుతోంది.

నీడ డాబాలో సగం కూడా లేదు.

అమీను గారు గీత పోయడం మొదలుపెట్టగానే నాన్న అన్నాడు, "సారూ, నేను ఆ పొద్దు అన్న్యది కొట్టెయ్యి. ఆమె తీయలేదు."

"రాసింది రాసిందేనప్పా."

"కోపంలో అన్న్యా."

"కోపంలో అన్న్యావా?" అమ్మ తిరిగింది. నా వైపు కాదు, నాన్న వైపే. "ఊరందరి ముందర దొంగను చేసి, ఇప్పుడు కోపమంటావా? ఏమయ్యా, కోపం నీకొక్కనికేనా ఉండేది?"

"నువ్వు ఒక్కమాటన్నా అన్న్యావా? కాదు అనిందే లేదు! గమ్మున దిగి పోతివి!"

"నీతో మాట్లాడి మాట్లాడి నోరు నొచ్చి గమ్మునైనా! అంగడి నుంచి వస్తావు, తింటావు, గోడ పక్కకు తిరుగుతావు. గోడను కట్టుకోవల్సింది, నన్నెందుకు కట్టుకుంటివి?"

"గోడైతే ఉప్పు యాడుందో చెప్తాది!"

లక్ష్మక్క చాట కింద పెట్టేసింది. అమీను గారు వంగినవాళ్ళు వంగినట్టే ఆగి, "ఉండండి, ఉండండి" అన్నారు. ముగ్గు గీత అవతలికి నీడ మెల్లగా జారుతోంది. అరిటాకు విప్పుకుంటున్నట్టు. "మబ్బు పెరుగుతాందే! తిట్టుకోండప్పా, ఇంకొంచెం తిట్టుకోండి!"

ఆ మాటతో ఇద్దరికీ సిగ్గేసింది. ఆగిపోయారు. నీడ కూడా ఆగింది. పిట్టగోడ ఇంకా చాలా దూరం ఉంది.

"సరే," అన్నారు అమీను గారు. జేబులోంచి పెన్ను తీశారు. అమ్మ చేతిలోంచి తాడు తీసుకోవడానికి చేయి చాచారు. అమ్మ ఆ తాడును ఇవ్వలేదు, లాక్కోనూ లేదు. ఊరికే పట్టుకుని పైన మబ్బును చూస్తోంది, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చిన ముక్క అందులో ఎక్కడుందో వెతుకుతున్నట్టు.

నేను ట్యాంకు దగ్గరికి వెళ్ళి పొత్రం దొర్లించాను. అది డాబా మీద పడి పెద్ద చప్పుడైంది. మూత లాగాను. రాలేదు. లోపలి చలికి బిగుసుకుపోయింది. గోళ్ళు పెట్టి లాగాను, కాలు ఆనించి లాగాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"మూత రావడం లేదు," అన్నాను. "అమ్మా. నాన్నా. మూత."

వాళ్ళు ఎందుకని అడగలేదు. అమ్మ ఈ పక్క పట్టుకుంది, నాన్న ఆ పక్క పట్టుకున్నాడు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. చూసుకోనక్కర్లేదు, ఆ పని వాళ్ళ చేతులకు వచ్చు. మూత చప్పుడు లేకుండా లేచింది.

మబ్బు పైకొచ్చింది. మొదట తల, తర్వాత భుజాలు, తర్వాత ఇంత ఉంటుందని నేనే అనుకోనంత. తెల్లగా, బరువుగా, నిద్ర లేచినట్టు మా మధ్యలోంచి లేచి, పైనున్న పలచటి మబ్బులోకి వెళ్ళింది. ఈసారి పై మబ్బు పక్కకు జరగలేదు. రెండూ ఒకదాన్నొకటి తాగినట్టు కలిసిపోయాయి. డాబా అంతా నీడ. పిట్టగోడ నీడలో, లక్ష్మక్క మెట్లు నీడలో.

ఆ తర్వాత వాన.

నేను చెవులు మూసుకున్నాను. లాభం లేదు, చినుకులు నా చేతుల మీదే మాట్లాడుతున్నాయి. రేకు మీద, ట్యాంకు మీద, అమీను గారి టోపీ మీద, అన్నిచోట్లా నా గొంతు, చిన్నగా, గుసగుసగా.

"నాకు భయమైతాంది. నాకు భయమైతాంది."

"మబ్బును నేనే తీసినా. అమ్మ కాదు."

"లాగ్‌లో అంతా అబద్ధమే రాస్తాండా."

"లెక్కల పేపరు మీద నాన్న సంతకం నేనే పెట్టినా."

"ఉప్పు యాడుందో నేనెందుకు చెప్పల్ల?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న తడుస్తూ నిలబడ్డాడు. వాన జోరు తగ్గింది. ఇక అయిపోయిందనుకున్నాను. కడపటి చినుకులు ఒక్కొక్కటిగా పడ్డాయి. ఆ మాట నేను ఒకేఒక్కసారి అన్నాను, ట్యాంకు అడుగుకు తల వంచి, నాకే వినపడనంత మెల్లగా. అన్నానని కూడా మర్చిపోదామనుకున్నాను.

"వీళ్ళు విడిపోతే బాగుండు. నాకు ఊపిరాడతాది. నేను ఇట్ల అన్న్యానని ఎవురికీ చెప్పొద్దు."

అమీను గారు తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

పక్క డాబా మీద నుంచి లక్ష్మక్క గట్టిగా అంది, "మాకేమీ ఇనపడలేదు పాపా! వాన చప్పుడులో ఏమీ ఇనపడలేదు!"

"నాకూ చెవులు సరిగ్గా లేవు," అన్నారు అమీను గారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. తర్వాత నీడ చూశారు, వాన వెలిసినా అది నాలుగు పక్కలా పిట్టగోడను తాకుతూనే ఉంది. పోయడానికి ముగ్గు మిగల్లేదు, డబ్బాలోకి నీళ్ళొచ్చాయి. "కొలత ముగియకముందు బయటపడిన మబ్బు దాచినట్టు కాదు. అదీ రూలే. నేనింకా సంతకం పెట్టలేదు."

నేను గోడ మూలకు ఒదిగి కూర్చున్నాను. అమ్మ ఒకపక్క వచ్చి కూర్చుంది, నాన్న ఇంకోపక్క.

"ఇన్న్యావా?" అని అమ్మ నాన్నను అడిగింది. నా మీదుగా, నేరుగా.

"ఇన్న్యా," అన్నాడు నాన్న.

"పిల్లకు ఊపిరాడటం లేదంట."

"మనకు మాత్రం ఆడుతాందా?"

అమ్మ నా తడి జుట్టు వెనక్కి తోసి, "కోయండి సారూ," అంది.

అవ్వ పీట మీద నుంచే అరిచింది. "నా వాటా మాట ఎవురన్నా రాసుకున్న్యారా?"

ఏ వారమో. పడమటి గాలి.

తడి నూలు తాడుకు ఒక చివర అమ్మ, ఒక చివర నాన్న పట్టుకుంటే, అమీను గారు మధ్యలో నిలబడి ఆ తాడుతోనే మబ్బును కోశారు. వెన్న కోసినట్టు. రెండు ముక్కలూ పెద్దవే. ఎండాకాలం దాటుతాయి.

అమ్మ పైవీధిలో ఇల్లు తీసుకుంది. నేను కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ. అవ్వ మాత్రం రెండిళ్ళలోనూ గడప మీద కూర్చుంటోంది. అదే తన వాటా అంటోంది.

ఈ వారం కోర్టు లాగ్‌లో నాకు బాగాలేదని రాశాను. ఎందుకో కూడా రాశాను. స్పెల్లింగులు తప్పాయి. మేడమ్ నవ్వు బొమ్మ పంపలేదు. ఇంకా చెప్పమని రాసింది.

ట్యాంకు అడుగున ఒక పిడికెడు మిగిలి ఉంది. దానికి మూత పెట్టలేదు. పోవాలనుకుంటే పోతుంది.

నాన్న ఇంట్లో వాన పడితే, మొదట అమ్మ కూనిరాగం వినపడుతుంది. నాన్న గొట్టం బాగు చేస్తున్నానని చెప్పి, స్పానరు పట్టుకుని బయటే నిలబడతాడు. గొట్టం బాగానే ఉంది.

నిన్న అమ్మ ఇంట్లో మొదటి వాన. మేము అన్నం తింటున్నాం. కూనిరాగంతో మొదలై, జోరు పెరిగి, రేకు మీద ఖర్రుమని గురక.

అమ్మ ముద్ద ఆపింది. "ఈ మనిషి ఈడికి కూడా వచ్చినాడే సంజా! కోర్టు గురక కూడా సగం చేసి పంపిందా ఏమి?"

చేయి కడుక్కుని, కిటికీ మూయడానికి లేచింది. రెక్క పట్టుకుని నిలబడింది. వాన వెలిసేదాకా అట్లాగే నిలబడి ఉంది. మూయలేదు.